ఇరవై అయిదుకు మూడు తక్కువ

శాంతయ్య లెక్కలో మనుషులు రెండే రకాలు. ఇరవై అయిదేళ్లు నిండినవాళ్లు, నిండనివాళ్లు. కులమూ మతమూ, ఉన్నవాడూ లేనివాడూ, ఇవన్నీ ఆయనకు ఆ తర్వాతి సంగతులు. తిరుపతి రైలుస్టేషను వీధిలో గంగాధరంగారి లాడ్జికి ఆయన గుమాస్తా. పాతికేళ్లు నిండకుండా ఒంటరిగా వచ్చిన మనిషికి చచ్చినా గది ఇవ్వడు. ఎనిమిది గదులూ ఖాళీగా పడి ఉండి గబ్బిలాలు కాపురం పెట్టినా ఇవ్వడు. ఏడుకొండలవాడే దిగివచ్చి గది అడిగినా, "తోడెవరన్నా ఉండారా సామీ?" అనే రకమని వీధిలో చెప్పుకునేవారు.

ఈ పిచ్చి అందరికంటే బాగా తెలిసింది యశోదమ్మకు. మొగుడు పోయిన ఏడాది ఆమె చంద్రగిరి నుంచి వచ్చి ఆ లాడ్జి వంటింట్లో చేరింది. పన్నెండేళ్లుగా వంటింటి కిటికీలోంచి శాంతయ్య బల్లనూ, దాని మీది రిజిస్టరునూ, వెనక గోడకు మేకుల మీద వేలాడే ఎనిమిది తాళంచెవులనూ చూస్తూనే ఉంది. నవ్వడం ఆమెకు పెద్దగా అలవాటు లేదు. ఎవరైనా ఎందుకమ్మా ఆ ముఖం అని అడిగితే, "నవ్వితే అన్నం ఉడుకుతుందా?" అనేది. యుద్ధం అయిపోయినా రేషను అయిపోలేదు, బియ్యంలో రాళ్లు అయిపోలేదు. ఇంక నవ్వడానికి ఏముందని ఆమె వాదన.

వచ్చినవాడు తన వయసు తాను చెప్తే శాంతయ్య నమ్మడు. అదీ ఆయనతో వచ్చిన చిక్కు.

"నాకు ముప్పై నిండినాయప్పా."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరో చెప్పేదేముంది? నా వయసు నాకు తెలీదా?"

"నువ్వు పుట్టింది నువ్వు సూసినావా? కండ్లు మూసుకుని ఏడుస్తా ఉంటివి గదా. సూసినోళ్లు చెప్పాల."

ఒకసారి చిత్తూరు కచేరీ గుమాస్తా ఒకాయన దర్శనానికి వచ్చాడు. బట్టతల, బాన పొట్ట, చెవుల మీద తెల్ల వెంట్రుకలు. ఒక్కడే వచ్చాడు. శాంతయ్య ఆయన్ని కూడా నిలబెట్టాడు.

"ఈ బట్టతల కనపడలా నీకు?" అని ఆయన టోపీ తీసి తల వంచి మరీ చూపించాడు.

"కొన్ని వంశాల్లో ఇరవైకే పోతుంది సామీ."

"నా పెద్ద కూతురికి పెండ్లి అయిపాయెనయ్యా!"

"చిన్నప్పుడే చేస్తాండారు, శానా తప్పు."

చివరికి వీధిలో పోతున్న జట్కావాడొకడు ఆ కచేరీ ఆయన్ని గుర్తుపట్టి, "ఈయన మా నాయన ఈడోడు" అని సాక్ష్యం చెప్పాక గాని తాళంచెవి మేకు మీద నుంచి కదల్లేదు. ఆ పెద్దమనిషి కొండెక్కి దిగి, వెళ్లేటప్పుడు యశోదమ్మతో, "దేవుని దర్శనం ఇంతకంటే సులభంగా అయిందమ్మా" అన్నాడు.

ఇంతకంటే వింత ఆయన కూడిక. ఇద్దరు కలిసి వస్తే ఇద్దరి వయసులూ కలిపేసేవాడు. పంతొమ్మిదేళ్ల పెళ్లికొడుకూ పదహారేళ్ల పెళ్లికూతురూ బెదురుబెదురుగా వస్తే, "ముప్పై అయిదు. రండి రండి" అని తనే పెట్టె అందుకున్నాడు. మదనపల్లె కాలేజీ పిల్లకాయలు ముగ్గురు వచ్చారు. తలా పద్దెనిమిది. శాంతయ్య వేళ్ల మీద లెక్కపెట్టి, "యాభై నాలుగు! పెద్దోళ్లయిపోయినారు. కొండ మెట్లు నిదానంగా ఎక్కండి, మోకాళ్లు పట్టుకుంటాయి" అని గది ఇచ్చాడు.

"అదేం లెక్క శాంతయ్యన్నా?" అని యశోదమ్మ అడిగింది.

"ఒకనికి తెలివి చాలకపోతే పక్కోనిది కలుపుకోవల్ల గదమ్మా" అన్నాడు.

ఆ రోజుల్లో పుట్టిన తేదీ కాగితం మీద ఉండేది బడికి పోయినవాళ్లకే. మిగతావాళ్లకు గుర్తుండేది సంవత్సరం పేరు. అప్పుడు నడుస్తున్నది వ్యయ, దానికి పాతికేళ్ల ముందుది దుర్మతి. దుర్మతిలోగాని అంతకు ముందుగాని పుట్టినవాళ్లకే పాతిక నిండినట్టు. ఎదురుగా టీకొట్టు పెట్టుకున్న ముసలి చిన్నబ్బ ఈ రహస్యం వచ్చినవాడికల్లా ఊదేవాడు. ఒక్క రోజులో అయిదుగురు వచ్చి తాము దుర్మతిలో పుట్టామన్నారు. శాంతయ్య నిట్టూర్చాడు. "ఆ ఒక్క ఏడే ఇంతమంది పుట్టింటే జిల్లాలో మంత్రసానులకు చేతులు పడిపోయింటాయి" అని అయిదుగురినీ వసారాలోకి పంపాడు. గది దొరకనివాళ్లకు వసారాలో చాప ఊరికే ఇచ్చేవాడు, తన బల్ల పక్కనే. కొందరు పడుకునేవాళ్లు. ఎక్కువమంది తిట్టి వెళ్లిపోయేవాళ్లు.

దాంతో చిన్నబ్బ ఇంకో ఎత్తు వేశాడు. ఒంటరిగా వచ్చిన కుర్రవాళ్లను తన కొట్టు పంచలో కూర్చోబెట్టి, ఇంకొకడు వచ్చేదాకా ఆపి, ఇద్దరినీ అన్నదమ్ముల్లా లోపలికి తోలేవాడు. ఒకడిది కాళహస్తి, ఒకడిది పుంగనూరు. ఒకడు నల్లగా పొట్టిగా, ఒకడు తెల్లగా తాడిచెట్టంత. "అన్నదమ్ములా?" అని శాంతయ్య అడిగేవాడు. "అవునండీ" అనేవాళ్లు గొంతు కలిపి. "పోలికలుండాయి" అని గది ఇచ్చేవాడు. వాళ్లు మెట్లెక్కుతూ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుకోవడం యశోదమ్మ చూసేది. ఇంత తెలివితక్కువ మనిషి గుమాస్తా ఎట్లా అయ్యాడా అని ఆమెకు ఆశ్చర్యంగా ఉండేది.

ఒక మాట మాత్రం శాంతయ్య తరచూ అనేవాడు. "పాతిక దాటినోడు లోపలికి అడుగు పెడతానే భోజనం యాడ అంటాడు యశోదమ్మా. దాటనోడు గదికి లోపల గొళ్ళెం ఉండాదా అంటాడు. అన్నం మాట ఎత్తకుండా గొళ్ళెం మాట ఎత్తేవాణ్ణి సూస్తే నాకు కాళ్లు వణుకుతాయి." యశోదమ్మ దీన్ని కూడా పిచ్చి పద్దులోనే వేసింది.

మరి ఈయన వయసెంత? అడిగితే తల అడ్డంగా ఊపేవాడు. "నాకు సాక్షి లేడమ్మా." మీసం నెరిసింది, నడుం వంగింది, అయినా సాక్షి లేడు. సాక్షి లేడు కాబట్టి ఆయనకు ఆయన కూడా గది ఇచ్చుకోలేదు. ఎనిమిది గదుల లాడ్జికి గుమాస్తా అయ్యుండి, వానాకాలం జల్లు కొట్టే వసారాలో బల్ల మీద పడుకునేవాడు. బల్ల కింద ఒక రేకు పెట్టె. ఆయన ఆస్తి అంతా అదే. "లోపల పడుకుంటే ఎవరు కొడతారు నిన్ను?" అని యశోదమ్మ ఎన్నిసార్లు కేకలేసినా, "రూలు రూలే" అనేవాడు.

ఆ మార్గశిరం ముసురు పట్టింది. నాలుగు రోజులు సూర్యుడు కనపడలేదు. కొండ కూడా కనపడలేదు. వీధి నిండా బురద, లాడ్జి నిండా తడి చాపల వాసన. చిక్కుడులాంటి అనపకాయలు అప్పుడే సంతకు వస్తున్నాయి. యశోదమ్మ ఒక గంపెడు తెప్పించి, కాయలు ఒలిచి, గింజలు నానేసింది. ఆ మధ్యాహ్నం చిత్తూరు నుంచి గొడుగు పట్టుకుని గంగాధరంగారు దిగారు. ఆయనకు అక్కడ మామిడి మండీ. కాయల కాలం కాదు కాబట్టి తిక్క తీర్చుకోవడానికి తీరిక దొరికింది.

వసారాలో చాపలు చూసి, మేకుల మీద తాళంచెవులు చూసి ఆయన ముఖం ఎర్రబడింది. "గదులు ఖాళీ, వసారా నిండా చాపలు! ఇది లాడ్జా, గంజి కేంద్రమా? కొండకు మోటారు రోడ్డు పడి రెండేండ్లాయె, వీధంతా లాడ్జీలు లేస్తాండాయి, నువ్వింకా పండ్లు లెక్కపెట్టి పశువును కొన్నట్లు మనుషులను తీసుకుంటాండావు. ఇంక సాలు శాంతయ్యా. ఈ పొద్దు గది అడిగే మొదటి మనిషికి గది ఇయ్యాల. వాడెవడన్నా కానీ. ఇయ్యకపోతివా, తాళంచెవులు నాకిచ్చి నీ దారి నువ్వు సూసుకో."

వంటింట్లో యశోదమ్మకు గుండె జారింది. పిచ్చివాడే కావచ్చు. కానీ ఆయన దారి ఆయన చూసుకోవడానికి దారి ఎక్కడుంది? ఈ వీధి దాటి ఆయన సంతకు పోయింది కూడా ఆమె చూడలేదు. వచ్చే మొదటి మనిషి నలభై ఏళ్ల సంసారి అయ్యేటట్టు చూడు స్వామీ అని, రాయీ వడ్లూ ఏరుతున్న చేటలోనే చేతులు జోడించింది.

స్వామి వినలేదు. మూడు గంటలకు తడిసి ముద్దైన మనిషొకడు మెట్లెక్కాడు. ఖాకీ కోటు, భుజాన పటాలం సిపాయి సంచి, గడ్డం మాసి ఉంది. ముఖం చూస్తే నలభై ఉన్నట్టున్నాడు, మెడ చూస్తే ఇరవై. వెనకనే గోనెపట్టా కప్పుకుని చిన్నబ్బ వచ్చి వంటింటి కిటికీ దగ్గర గుసగుసలాడాడు.

"రెండు దినాలుగా స్టేషన్లోనే కూర్చోనుండాడు యశోదమ్మా. చిత్తూరు పోయే బండ్లన్నీ పోనిస్తాండాడు. వానికి జత కట్టేదానికి ఈ వానలో ఒక్కడన్నా దొరకలా నాకు."

వచ్చినవాడు బల్ల ముందు నిలబడ్డాడు. "గది కావాల. లోపల గొళ్ళెం ఉండాదా?"

యశోదమ్మ చేతిలో చేట ఆగింది.

శాంతయ్య గొంతు సవరించుకున్నాడు. "పేరేమి నాయనా?"

"రాజారత్నం."

"వయసు?"

"ఇరవై రెండు."

"ఎవరు చెప్పినారు?"

"మా అమ్మ."

పన్నెండేళ్లలో ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పినవాణ్ణి యశోదమ్మ చూడడం ఇదే మొదలు. శాంతయ్య ముఖం వెలిగింది. "భేష్! అట్లయితే అమ్మను పిలువు. యాడుండాది?"

"లేదు" అన్నాడు రాజారత్నం. రైలు టైము చెప్పినట్టు చెప్పాడు. "జ్వరమొచ్చి పోయింది. నేను బర్మాలో ఉంటి. మా పాస్టరయ్య రాసిన జాబు నాలుగు నెలలకు చేరింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇంటికి పోతే తలుపుకు తాళం ఉంటాది. తాళంచెవి యాడ పెట్టిందో అమ్మకే తెలుసు."

వాన చూరు మీద నుంచి ధారగా పడుతోంది. గంగాధరంగారు గొడుగును నేలకేసి కొట్టారు. "ఇంకేం అడుగుతావప్పా? పద్దెనిమిదేండ్లకు దొరలు తుపాకి ఇచ్చినారు ఈ అబ్బికి. ఇరవై రెండేండ్లకు నువ్వు గది ఇయ్యలేవా?"

"తుపాకి ఇచ్చినప్పుడు ఒంటిగా పంపలేదు గదయ్యా" అన్నాడు శాంతయ్య. "అటు పక్క అయిదు నూర్లు, ఇటు పక్క అయిదు నూర్లు మనుషులను పెట్టి పంపినారు." రాజారత్నం వైపు తిరిగాడు. "వసారాలో నా పక్కన పండుకో నాయనా. వెచ్చగా దుప్పటి ఇస్తా."

"నాకు మనుషులు వద్దు. తలుపు కావాల."

"ఇస్తావా, తాళంచెవులు పెడతావా?" అన్నారు గంగాధరంగారు.

శాంతయ్య లేచాడు. మేకుల మీది తాళంచెవులు ఒకటొకటే తీసి, ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుసగా బల్ల మీద పేర్చాడు. యశోదమ్మకు ఈ ముసలి మొండివాడు ఎవడో దారినపోయేవాడి కోసం నిలువ నీడ పోగొట్టుకుంటున్నాడే అని ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. శాంతయ్య బల్ల కింద నుంచి రేకు పెట్టె లాగాడు. దాన్ని పట్టుకుని బల్ల చుట్టూ తిరిగి ముందుకు వచ్చి, రాజారత్నం పక్కన నిలబడి, చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, ఒక గది కావాల."

గంగాధరంగారు అటూ ఇటూ చూశారు. "ఎవరికి?"

"మాకే. ఈ అబ్బికీ నాకూ కలిపి."

"నేనొక్కణ్ణే అడిగినా" అన్నాడు రాజారత్నం.

"అడిగినావులే నాయనా, కాదన్లా. కానీ ఇంతకు ముందరే నా ఉద్యోగం పాయె. ఇల్లా వాకిలా ఏమీ లేదు. ఈ వానలో ముసలోణ్ణి యాడికి పోదును? రోంత జాగా ఇస్తే గోడవారగా పడుంటా. నీకు ఇష్టం లేకపోతే వద్దు, పోతా."

రాజారత్నం వాన వైపు చూశాడు. శాంతయ్య చేతిలోని పెట్టెను చూశాడు. దాని పిడి ఊడిపోయి తాడుతో కట్టి ఉంది. తర్వాత చెయ్యి చాచి ఆ పెట్టె అందుకున్నాడు. "రా పెద్దాయనా" అన్నాడు.

గంగాధరంగారికి ఏం చెయ్యాలో తోచక వెటకారానికి దిగారు. రిజిస్టరు ముందుకు లాక్కున్నారు. "ఓహో! రూలు రూలే గదా. వయసులు చెప్పండి. పాతిక కావాల."

"ఈ అబ్బికి ఇరవై రెండు" అన్నాడు శాంతయ్య. "నాకు సాక్షి లేడు, మీకు తెలుసు. అయినా తక్కువలో తక్కువ మూడేండ్లన్నా ఉండవాయ్యా నాకు? మీసం వచ్చింది గదా. ఇరవై రెండూ మూడూ ఇరవై అయిదు. సరిపాయె."

చిన్నబ్బ కిటికీ పట్టుకుని కిసుక్కున నవ్వాడు. రాజారత్నం పెదవి ఒక పక్కకు కదిలింది. దాన్ని నవ్వు అనడానికి లేదు, కానీ రెండు దినాల్లో ఆ ముఖం కదలడం అదే మొదటిసారని చిన్నబ్బ తర్వాత ప్రమాణం చేశాడు. గంగాధరంగారు ఒళ్లు మండి, కలం సిరాలో ముంచి పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. రాజారత్నం, 22. శాంతయ్య, 3. మొత్తం 25. ఆరో నంబరు తాళంచెవి విసిరేశారు.

దీపాలు పెట్టే వేళకు యశోదమ్మ ఇద్దరికీ అన్నం పట్టుకుపోయింది. లోపల గొళ్ళెం వేసే ఉంది. కానీ తలుపు అవతల నుంచి శాంతయ్య గొంతు ఆగకుండా వినపడుతోంది. "ఎదురింటి వడ్రంగికి యాభై రెండు, వాళ్ల బామ్మర్దికి నలభై ఏడు, వాడు అబద్ధమాడతాడు నలభై అని..." రాజారత్నం తలుపు తీశాడు. బర్మా అడవుల్లో కూడా అంత కష్టపడి ఉండడు, అట్లా ఉంది ముఖం.

కింద అంతకంటే వింత జరిగింది. గంగాధరంగారు గుమాస్తా బల్ల దగ్గర కూర్చుని మీసం దువ్వుకుంటున్నారు. పద్దెనిమిదేళ్ల అబ్బాయొకడు తడి మూట చంకలో పెట్టుకుని వచ్చాడు. కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బాయి.

"రా నాయనా, రా. ఎనిమిది గదుల్లో ఏడు ఖాళీ. యాది కావాల?" అని ఆయన తాళంచెవి తీసి చాచారు.

"ఏదైనా సరేనండీ" అన్నాడు వాడు. "లోపల గొళ్ళెం ఉండాదా?"

చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. కిటికీలోంచి యశోదమ్మ చూస్తూనే ఉంది. తాళంచెవి మెల్లగా వెనక్కి వచ్చి జేబులోకి వెళ్లింది. గంగాధరంగారు పెదవులు తడుపుకున్నారు. "వయసెంత నాయనా?" అన్నారు.

యశోదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"పేరు ధనంజయ. పద్దెనిమిదండీ."

"ఎవరు... ఎవరు చెప్పినారు?"

తెల్లవారి యశోదమ్మ తలుపు తీసేసరికి వసారాలో చాప మీద ఆ ధనంజయ, పక్కన బల్ల మీద గొడుగు తల కింద పెట్టుకుని చిత్తూరు మామిడి మండీ యజమాని, ఇద్దరూ ముడుచుకుని పడుకుని ఉన్నారు. వంటింట్లో ఇంకో ఇద్దరు. నానిన అనపగింజల తపేలా మధ్యలో పెట్టుకుని శాంతయ్యా రాజారత్నమూ పప్పు పితుకుతున్నారు. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు ఎగిరి పడాలి. రాజారత్నం వేళ్లలోంచి అవి గోడల దాకా ఎగురుతున్నాయి.

"నిద్ర పట్టిందా?" అని యశోదమ్మ అడిగింది.

"యాడక్కా! గొళ్ళెం బాగుండాది, గురక అంతకంటే బాగుండాది." కాసేపు గింజలు నొక్కాడు. "మా అమ్మ కూడా ఈ కాలంలో ఇదే పని పెట్టేది. గోడలకు కొట్టొద్దురా అని తిట్టేది." ఇంకొన్ని గింజలయ్యాక, తల ఎత్తకుండానే అన్నాడు. "నిన్న ఒక్కణ్ణే లోపలికి పోయుంటే ఈ పొద్దు గొళ్ళెం తీసుండనక్కా."

యశోదమ్మ పొయ్యిలో కట్టె సర్దే నెపంతో అటు తిరిగింది.

"నేనూ తీసుండను" అన్నాడు శాంతయ్య. పన్నెండేళ్లుగా చెప్పని మాట, ఉప్పు అందించమన్నంత మామూలుగా చెప్పాడు. "మాది పులికాట్ ఒడ్డు. మా నాయన, మా అన్నలిద్దరూ గాలివాన దినం పడవలో పోయినారు. పడవొకటే ఒడ్డుకొచ్చింది. అమ్మ అంతకు ముందే పాయె. నేను పుట్టింది సూసినోళ్లు ఒక్కరు మిగల్లా. ఆ దుఃఖంలో రైలెక్కి ఈడికొచ్చి, ఇదే లాడ్జిలో లోపల గొళ్ళెముండే గది అడిగినా. అప్పటి గుమాస్తా జయరావు. గది లేదు పో అన్నాడు. పోయేదానికి చోటు లేక నిలబడితే, ఒక గంపెడు అనపకాయలు నా ముందర పోసి ఒలవమన్నాడు. ఒలిచేసరికి తెల్లారె. పోదామని లేస్తే ఇంకో గంప పోసినాడు. ఆ మనిషిని ఎన్ని తిట్టుకుంటినో! గది ఇయ్యలేదు గాబట్టి బతికినానమ్మా. ఇచ్చుంటే లేను."

యశోదమ్మ ముక్కు చీదింది. ఆ దుఃఖంలోనూ ఆమెకు ఒక అనుమానం వచ్చింది. "అన్నా, చిన్నబ్బ జతలు కట్టి నిన్ను మోసం చేస్తాండేది నీకు తెలుసా?"

"తెలియకేం? వానికి ఆ ఉపాయం చెప్పిందే నేను గదా."

"నువ్వా!"

"ఒంటిగా ఉండొద్దురా, తోడు కలుపుకోండిరా అంటే ఆ వయసులో ఎవడు వింటాడమ్మా? గుమాస్తాను మోసం చేద్దాం రా అంటే సంతోషంగా కలుస్తారు. కలిసి ఒకణ్ణి మోసం చేసినోళ్లు తెల్లారేసరికి ప్రాణస్నేహితులైపోతారు."

నడుం పట్టుకుని కుంటుతూ గంగాధరంగారు అప్పుడే గుమ్మంలోకి వచ్చారు. రాజారత్నం వేళ్లలోంచి ఒక పప్పు ఎగిరి సరిగ్గా ఆయన నుదుటికి తగిలింది. అందరూ బిగుసుకుపోయారు. ఆయన పట్టించుకోలేదు. జేబులోంచి తాళంచెవి తీసి, బల్ల మీది మిగతావాటితో కలిపి, ఒకటొకటే మేకులకు తగిలించారు. మూడోది ఏడో మేకుకు, ఏడోది రెండో మేకుకు పడ్డాయి.

"ఆ పిల్లోడు నిద్దట్లో రెండుసార్లు అమ్మా అన్నాడు శాంతయ్యా" అన్నారు. "మామిడికాయనయితే చెయ్యి పెట్టి సూస్తానే చెప్తా, యాది ఎప్పుడు పండుతుందో. మనుషుల మండీ నా వల్ల కాదప్పా. నువ్వే సూసుకో." గొడుగు తీసుకుని, కాఫీ కూడా తాగకుండా స్టేషనుకు నడిచారు.

ధనంజయది కూడా చిత్తూరే. పరీక్ష పోయిందని నాయన తిడితే ఇల్లు వదిలి వచ్చాడు. శాంతయ్య వాణ్ణి తీసుకొచ్చి రాజారత్నం పక్కన నిలబెట్టి ఎగాదిగా చూశాడు. "పద్దెనిమిదీ ఇరవై రెండూ నలభై. నలభై ఏండ్ల మనిషికి చిత్తూరు బండి ఎక్కేదానికి భయమేంది?"

"తాళంచెవి లేదే" అన్నాడు రాజారత్నం.

"తాళం పగలగొట్టు. కానీ ఒంటిగా లోపలికి పోవద్దు. ముందు ఈ పిల్లోణ్ణి వాళ్లింట్లో అప్పజెప్పు. తర్వాత వాళ్ల నాయననే తోడు పిలుచుకో. తిట్టేదానికి నోరుండేవాడికి తాళం పగలగొట్టేదానికి చేతులుండవా?"

యశోదమ్మ పితికిపప్పు కూరా అన్నం విస్తరాకులో కట్టి ఇద్దరికీ ఇచ్చింది. పది గంటల బండికి వాళ్లు వెళ్లారు. సాయంత్రానికి ముసురు విడిచి కొండ కనపడింది. శాంతయ్య రేకు పెట్టెను మళ్లీ బల్ల కిందికి తోసి, వచ్చిన మొదటి మనిషిని వయసు అడిగాడు.

మరుసటి ఏడు మార్గశిరంలో చిత్తూరు నుంచి కార్డు వచ్చింది. "చిరంజీవి శాంతయ్యకు నాలుగేండ్లు నిండినందుకు ఆశీస్సులు. ఇట్లు రాజారత్నం." ఆ పై ఏడు కార్డుతో పాటు ఒక పలకా బలపమూ వచ్చాయి, ఐదేండ్లొచ్చినాయి గాబట్టి ఇంక బడికి పంపండని రాసి. శాంతయ్య ఆ పలకను తాళంచెవుల పక్కన మేకుకు తగిలించాడు.

ఆ తర్వాతి ఏడు కార్డు రాలేదు. మనిషే వచ్చాడు. చిత్తూరులో మోటారు బస్సు తోలుతున్నాడట, ఒళ్లు చేశాడు. పక్కన భార్య చంద్రకాంతమ్మ, ఆమె చంకలో బిడ్డ. శాంతయ్య కళ్లజోడు సవరించుకుని బిడ్డను చూశాడు.

"వయసెంత?"

"ఆరు నెలలు పెద్దాయనా. నేను సూసినా, నేనే సాక్షి" అంది చంద్రకాంతమ్మ, ఈ ఇంటి రూలు ముందే నేర్చుకుని వచ్చినట్టుంది. తర్వాత తడిసిన వసారా, బల్ల మీద మడిచిన దుప్పటి చూసి, వంటింటి కిటికీ వైపు తిరిగి అడిగింది. "ఈయన ఈడనే పండుకుంటాడా అక్కా? ఇన్ని గదులు పెట్టుకుని?"

యశోదమ్మ గరిటె పక్కన పెట్టింది. "మూడేండ్లని మీ ఆయన ముందరే పుస్తకంలో రాసినారు గదమ్మా, అప్పటి నుంచి లెక్క. ఈ పొద్దుకు ఆరు నిండె. ఇంకా పంతొమ్మిదేండ్లు ఓర్చుకుంటే గది ఇచ్చేస్తాం" అని గట్టిగా, వీధి అవతల చిన్నబ్బకు కూడా వినపడేటట్టు నవ్వింది. ఆ పూట అన్నం కొంచెం మాడింది.